రేడియో గారి రక్తపోటు

డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతున్నంతసేపూ రేడియో మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఈ పట్టీ చూస్తే మా షాపులో మెడకి చుట్టే గుడ్డే గుర్తొస్తుందమ్మా. బిగిస్తే మనిషి ఉక్కిరిబిక్కిరైపోతాడు, వదులు చేస్తే వెంట్రుకలన్నీ చొక్కాలోకే. కిటుకంతా అక్కడే ఉంది. మొన్నొకాయన ఏం చేశాడంటే..."

"కాసేపు మాట్లాడకండి," అంది డాక్టరమ్మ.

"అలాగేనమ్మా. మాట్లాడకూడదని మా నాన్నకి కూడా ఓ డాక్టరు చెప్పాడు. దానికి మా నాన్న ఏమన్నాడంటే..."

పక్క కుర్చీలో కూర్చున్న అతని భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికో, అలవాటు కొద్దీనో చెప్పడం కష్టం.

రేడియో అన్నది అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మార్కెట్ సందు మొదట్లో ఉన్న కటింగ్ షాపు అతనిది. కుర్చీలో మనిషి కూర్చున్నది మొదలు, మెడ మీద పౌడరు అద్ది గుడ్డ దులిపేదాకా అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఎవరో సరదాకి రేడియో అన్నారు, అదే స్థిరపడిపోయింది. అతను దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, తన నోటి మంచితనం వల్లే షాపులో బెంచీ ఖాళీ ఉండదని అతని నమ్మకం.

"నూట అరవై నాలుగు, తొంభై ఆరు," అంది డాక్టరమ్మ పట్టీ విప్పుతూ. "ఎక్కువే. కానీ ఇది మీ ఒంట్లో ఉన్న బీపీయో, మీ మాటల వల్ల వచ్చిన బీపీయో నాకు అంతు పట్టడం లేదు. ఇంట్లో ఒక మిషన్ పెట్టుకోండి. వారం రోజులు పొద్దున్నా సాయంత్రం చూసుకోండి. రీడింగులన్నీ అదే గుర్తుపెట్టుకుంటుంది. చూసుకునే ముందు అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. ఆ అయిదు నిమిషాలూ, మిషన్ నడిచేటప్పుడూ ఒక్క ముక్క మాట్లాడకూడదు."

"ఒక్క ముక్క కూడానా?"

"ఒక్క ముక్క కూడా. సగటు అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రలు మొదలుపెడదాం."

మాత్రలంటే రేడియోకి హడలు. మాత్రలు వేసుకునే ముసలాయన ఒకడు షాపుకొస్తాడు. కటింగు అయ్యాక కుర్చీలోంచి లేచేటప్పుడు కళ్లు తిరిగి గోడ పట్టుకుంటాడు. ఇంకొకడి గొంతు మీద కత్తి ఆడించే మనిషికి కళ్లు తిరిగితే ఇంకేమైనా ఉందా!

బయటికొచ్చి వీధి మలుపు తిరిగాక అతని భార్య నెమ్మదిగా మొదలుపెట్టింది. "ఏమండీ, మా లాండ్రీలో మేనేజరు నన్ను పిలిచి..."

"మేనేజర్ల సంగతి నా దగ్గరా! మన షాపుకి ఒక బ్యాంకు మేనేజరు వస్తాడే, బట్టతలాయన, అతనికి ఉన్న నాలుగు వెంట్రుకలకీ నలభై సూచనలు..."

ఆ కథ ఇల్లు చేరేదాకా సాగింది. మంచి కథే. ఆవిడ కూడా రెండుచోట్ల నవ్వింది. ఆవిడ మొదలుపెట్టిన మాట మధ్యలో తెగిపోయిందన్న సంగతి మాత్రం అతనికి తెలియదు. సంభాషణంటే అతని లెక్కలో అంతే. ఎదుటివాళ్లు వత్తి వేస్తే తను దీపం వెలిగించాలి. అంతకు ముందు రోజు భోజనాల దగ్గర కూడా ఆవిడ ఇదే వత్తి వేసింది. అప్పుడు అతను లాండ్రీ సబ్బుల మీద వెలిగించాడు.

మిషన్ వచ్చింది. మర్నాడు పొద్దున అతను పెళ్లిచూపులకి కూర్చున్నవాడిలా జుట్టు దువ్వుకుని బల్ల ముందు కూర్చున్నాడు. కూతురు చిట్టి పట్టీ చుట్టి, ఫోనులో అయిదు నిమిషాలకి గంట పెట్టింది.

"నాన్నా, మొదలు."

"సరే. ఇంతకీ ఇది లోపల ఎలా..."

"నాన్నా!"

మళ్లీ పెట్టింది. ఈసారి వీధిలో కూరగాయల బండివాడి కేక వినబడింది. "వీడి గొంతు బొంగురుపోయింది, ఉప్పునీళ్లు పుక్కిలించమని..." మళ్లీ పెట్టింది. మూడోసారి ఎలాగో పెదాలు బిగించాడు గాని, చెప్పవలసిన మాటలన్నీ గొంతులోకొచ్చి తోసుకుంటున్నాయి. మొహం కందగడ్డలా అయింది. మిషన్ చెయ్యి పిసికి, మూలిగి, నూట యాభై ఒకటి చూపించింది.

"ఇది తప్పు," అని మళ్లీ నొక్కాడు. నూట యాభై ఆరు. మళ్లీ నొక్కాడు. నూట నలభై తొమ్మిది. "ఆఁ, ఇదీ నాది," అన్నాడు, బజారులో బేరమాడి తగ్గించినవాడిలా.

ఇంట్లో రెండు పూటలు చూసుకుంటే అతనికి ఆనదు. మిషన్ని సంచీలో పెట్టుకుని షాపుకి పట్టుకెళ్లాడు. ట్రిమ్మరు పక్కన, స్ప్రే సీసాకీ పౌడరు డబ్బాకీ మధ్య దానికి చోటు చేశాడు. ముందు టైల్స్ మేస్త్రి చెయ్యి చాపాడు. "నూట ఇరవై రెండు! చూశారా, రాళ్లు మోసి పెరిగిన ఒళ్లు!" అని కండ చూపించాడు. బస్సు కండక్టరుకి పౌరుషం వచ్చింది. అతనికి నూట నలభై వచ్చేసరికి, "మధ్యాహ్నం ట్రిప్పులో చిల్లర గొడవైంది, అది తీసేసి లెక్కపెట్టాలి," అన్నాడు. సాయంత్రానికి సందులో సగంమంది చేతులు ఆ పట్టీలోకి దూరి వచ్చాయి. రేడియో ప్రతివాడికీ ఫలితం ప్రకటించి, వ్యాఖ్యానం కూడా చేశాడు. అతనికి అంత ఉల్లాసమైన రోజు ఈమధ్య లేదు.

ఇంటికి వచ్చాక చిట్టి సగటు చూద్దామని మీట నొక్కింది. తొంభై ఎనిమిది నుంచి నూట ఎనభై దాకా అన్ని రకాల అంకెలూ వరసగా వచ్చాయి.

"నాన్నా, వీటిలో నువ్వెవరివి?"

రేడియో తల గోక్కున్నాడు. తొంభై ఎనిమిది సైకిలు షాపువాడిదని గుర్తుంది. మిగతావి ఎవరెవరివో అతనికి కూడా అంతు పట్టలేదు. డాక్టరమ్మకి ఇది చూపిస్తే సందు మొత్తానికి మాత్రలు రాస్తుంది. చిట్టి అన్నీ చెరిపేసి, మిషన్ గడప దాటడానికి వీల్లేదని ఆర్డరు వేసింది. వారం మళ్లీ మొదటికొచ్చింది.

మర్నాడు చిట్టి స్నానానికి వెళ్లింది. పట్టీ భార్య చుట్టింది. అరచెయ్యి పైకి తిప్పి, మోచెయ్యి కింద దిండు సర్ది, దుప్పటి మడత పెట్టినంత పొందికగా అంచు సరిచేసింది. ఫోనులో అయిదు నిమిషాలు పెట్టి ఎదురుగా కూర్చుంది. మిషన్‌ని షాపుకి తీసుకెళ్లనివ్వని అవమానంతో ఉన్నాడేమో, రేడియో నిజంగానే నోరు మూసుకున్నాడు.

ఆవిడ అతన్ని చూసింది. గడియారం చూసింది. మళ్లీ అతన్ని చూసింది. పెళ్లయినప్పటి నుంచీ ఈ మనిషి మెలకువగా ఉండి మాట్లాడకపోవడం ఆవిడకి ఇదే మొదలు. అలాంటి అవకాశం చేజార్చుకునేంత అమాయకురాలు కాదు.

"ఇప్పుడు చెప్తాను. మీరు పలక్కండి," అంది. "మా లాండ్రీలో నన్ను పొద్దుటి షిఫ్టుకి ఇన్‌చార్జిగా ఉండమంటున్నారు. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. శుక్రవారం లోపల ఏ సంగతో చెప్పమన్నారు."

రేడియో కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచాడు. ఆవిడ వేలు చూపించి మిషన్ మీట నొక్కేసింది. పట్టీ బిగిసింది. అతను చేప ఒడ్డున పడ్డట్టు నోరు తెరిచీ మూసీ, మూసీ తెరిచీ, చివరికి మిషన్ కూసేదాకా ఆగాడు.

నూట యాభై ఎనిమిది.

"చూశావా! చూశావా!" అని లేచాడు, పట్టీ చేతికి వేలాడుతుండగానే. "కుదురుగా కూర్చున్న మనిషి నెత్తిన బాంబు వేస్తావా? ఆరింటికి నువ్వెళ్తే చిట్టిని ఎవరు లేపుతారు? టిఫినెవరు చూస్తారు? నేను షాపు ఎప్పుడు తెరవాలి? పొద్దున్నే గడ్డం చేయించుకునేవాళ్లు నాకోసం ఆగుతారా? ఇదంతా సరే, నా బీపీ సంగతేంటి?"

ఆవిడ పట్టీ విప్పి చుట్ట చుట్టి డబ్బాలో పెట్టింది. "సరేలెండి," అంది.

షాపులో ఆ రోజంతా అదే వార్త. తన భార్య ఒక్క మాటతో తన బీపీని ఎలా పైకి లేపిందో రేడియో అభినయించి చూపించాడు. బెంచీ మీదివాళ్లు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. "ఆడవాళ్ల మాట ఉప్పుకన్నా డేంజరు," అన్నాడు మేస్త్రి. అందరూ రేడియో పక్షమే. అతనూ నవ్వాడు. ఆవిడ ఏం చెప్పిందని మాత్రం ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నుంచీ ఆవిడ పట్టీ చుట్టడం, దిండు సర్దడం, అయిదు నిమిషాలు పెట్టడం, అవతలికి వెళ్లిపోవడం. కోపమేమీ లేదు. అన్నం వడ్డించింది, అడిగినదానికి జవాబు చెప్పింది, అతని కథలకి ఎప్పట్లాగే నవ్వింది. మిషన్ దగ్గర మాత్రం గాలి కూడా కదలకుండా చూసింది. వంటింట్లో గిన్నె చప్పుడైతే చిట్టిని కసిరింది. అంకె దిగడం మొదలుపెట్టింది. నూట నలభై రెండు, నూట ముప్పై ఆరు. గురువారం పొద్దున నూట ముప్పై రెండు వచ్చేసరికి రేడియో ఎగిరి గంతేశాడు. కనీసం నూట ముప్పై రెండు మందికైనా చెప్పుకుందామని షాపుకి పరిగెత్తాడు.

ఆ రోజు సాయంత్రం చిట్టి జుట్టు చివర్లు చీలాయని అతని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. కూతురి జుట్టు అతను ఎవరి చేతికీ ఇవ్వడు. నీళ్లు చిలకరించి, పాయలు తీసి, వేళ్ల మధ్య బిగించి, చివర బియ్యపుగింజంత మాత్రమే కత్తిరిస్తాడు. కత్తెర టిక్కుటిక్కుమంటోంది. అతను నూట ముప్పై రెండు గురించి చెబుతున్నాడు.

"నీ నంబరు బాగుంది కదా నాన్నా. అందుకే అమ్మ రేపు వాళ్లకి వద్దని చెప్పేస్తుందట," అంది చిట్టి.

"ఏది వద్దని?"

"ఇన్‌చార్జి పని. ఇంకేముంది? మళ్లీ ఆ మాటెత్తితే నీ నంబరు పాడవుతుందట. నాకు చెప్పి, నీకు చెప్పొద్దంది. నీకు చెప్పకుండా ఇంట్లో ఏదైనా దాచొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది."

కత్తెర ఆగింది. రేడియో వేళ్ల మధ్య జుట్టు పాయ అలాగే ఉండిపోయింది. అతనికి నవ్వాలనిపించలేదు, జోకు తట్టలేదు. ఆ నూట ముప్పై రెండు తనదని ఊరంతా చాటాడు. అది తనది కాదు. ఆవిడ నోరు మూసుకుంటే వచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గాని, ఇంట్లో మనిషి అంత లోకువైపోయిందని ఇన్నాళ్లూ అతనికి తట్టనే లేదు. సిగ్గేసింది.

"నాన్నా, అయిపోయిందా?"

"ఉండవే, ఇటుపక్క ఉంది," అన్నాడు. తర్వాత ఒక్క మాట కూడా లేకుండా మిగతా చివర్లు కత్తిరించాడు. చిట్టి రెండుసార్లు వెనక్కి తిరిగి, నాన్న ఉన్నాడా లేడా అని చూసుకుంది.

శుక్రవారం పొద్దున ఎవరూ పిలవకుండానే అతను వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఆవిడ పట్టీ చుట్టి, అయిదు నిమిషాలు పెట్టి, లేవబోయింది.

"కూర్చో," అన్నాడు. "ఆ లాండ్రీ సంగతి చెప్పు."

"ఇప్పుడొద్దు. రీడింగు పెరుగుతుంది."

"పెరగనీ."

"వారమంతా కష్టపడి దించుకున్నారు."

"నేనేం దించాను? నువ్వు దించావు. చెప్పు. నేను పలకను. పలికితే నా నోట్లో నా బ్రష్షే కుక్కు, సబ్బుతో సహా."

ఆవిడ కూర్చుంది. మొదట అంచులు తడిమినట్టు చెప్పింది. తర్వాత మాట ఊపందుకుంది. హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లు వేడి రోలర్లలోంచి పొగలు కక్కుతూ బయటికొస్తాయట. ఇద్దరు చెరో అంచూ పట్టుకుని, ఒకే ఊపున విదిలించి, ఎదురెదురుగా నడిచి మడత వెయ్యాలట. ఇద్దరికీ పడకపోతే ఒకరు ముందు లాగుతారు, ఒకరు వెనక లాగుతారు, దుప్పటి నేలన పడి మళ్లీ ఉతుకుకి పోతుందట. ఎవరిని ఎవరితో జత చెయ్యాలో ఇప్పటి ఇన్‌చార్జికి తెలియదట. "నాకు తెలుసు," అంది. "నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నా చేతికిస్తే బాగా చేస్తానండీ."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం ఎర్రబడింది. తను మంచి పనిమంతురాలినని ఆవిడ తన నోటితో అనడం రేడియో ఎప్పుడూ వినలేదు. మడతల గురించి అతని దగ్గర ఒక అద్భుతమైన కథ ఉంది. తువ్వాలు మడతలు రాక పారిపోయిన పనివాడి కథ. అది నాలుక చివరికి వచ్చింది. పళ్లు బిగబట్టి మింగాడు.

"పొద్దున చిట్టిని మీరు లేపాలి. టిఫిను మీరే చెయ్యాలి. షాపు ఓ గంట ఆలస్యంగా తెరవాలి," అందావిడ, ఫోను మోగగానే మీట నొక్కుతూ.

షాపు అన్న మాట దగ్గర లోపల ఏదో జివ్వుమంది. పట్టీ బిగిసింది, మూలిగింది, వదిలింది.

నూట యాభై రెండు.

ఆవిడ మొహం వాడిపోయింది. "చూశారా," అంది.

"చూశాను. అది నా సంగతి. నువ్వు చెప్పేది అయిపోయిందా?"

"లేదు."

"అయితే చెప్పు."

ఆవిడ చెప్పింది. షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి అయిపోతుందని, సాయంత్రాలు ఇంట్లోనే ఉండొచ్చని, తనకి ఈ పని చెయ్యాలని ఉందని. చివరిది చాలా చిన్నగా చెప్పింది. మిషన్ అప్పటికే నిద్రపోయింది. అతనింకా చెయ్యి బల్ల మీదే పెట్టుకుని ఉన్నాడు.

"వెళ్లి సరేనని చెప్పు," అన్నాడు. పట్టీ విప్పుకుంటూ, "గడ్డాలు ఎక్కడికీ పోవు. గంట ఆగితే ఇంకాస్త పెరుగుతాయి," అన్నాడు. ఆ మాత్రం చమత్కారం లేకపోతే అతనికి ఊపిరాడదు.

ఆవిడ నవ్వింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

సోమవారం అతను క్లినిక్కుకి ఒక్కడే వెళ్లాడు. పొద్దున చిట్టి తినలేక తిన్న టిఫిను తను చేసేటప్పుడు పడ్డ మచ్చలు ఇంకా చొక్కా మీద ఉన్నాయి. డాక్టరమ్మ మిషన్‌లో అంకెలు తిప్పి చూసింది.

"మీ ఆవిడ రాలేదే?"

"డ్యూటీ అండీ. ఇన్‌చార్జి," అన్నాడు, తనకే ఉద్యోగం వచ్చినంత గొప్పగా.

"బాగుంది. ఇవీ ఫరవాలేదు. సరిగ్గా గీత మీద ఉన్నారు. మాత్రలు ఇప్పుడే వద్దు. ఉప్పు తగ్గించండి, నడవండి, చూసుకుంటూ ఉండండి. మొదట ఎక్కువున్నా దిగుతూ వచ్చింది, ఈ శుక్రవారం మాత్రం మళ్లీ నూట యాభై రెండుంది. ఆ రోజు ఏమైంది?"

"ఆ రోజు మా ఆవిడ మాట్లాడిందండీ. నేను విన్నాను. అలవాటు లేక అలా వచ్చింది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నవ్వింది. "అలవాటు చేసుకోండి," అంది.

సాయంత్రం షాపు మూసి వచ్చేసరికి ఆవిడ బల్ల దగ్గరే కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. జడలో దూదిలాంటి నూలు పోగొకటి చిక్కుకుని ఉంది. రేడియో పట్టీ తనే చుట్టుకుని, దిండు తనే సర్దుకుని, ఎదురుగా కూర్చున్నాడు. చిట్టి అయిదు నిమిషాలు పెట్టింది.

"ఇవాళ ఏం చేశానో తెలుసా?" అని మొదలుపెట్టిందావిడ. చెప్పమని ఎవరూ అడగలేదు. "మా దగ్గర ఇద్దరున్నారని చెప్పానే, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎప్పుడో ఓ మాటా మాటా అనుకున్నారట. వాళ్లిద్దర్నీ కావాలనే ఒకే రోలరు దగ్గర పెట్టాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. దుప్పటి బయటికొచ్చింది. మొదటావిడ ఒక అంచు పట్టుకుని నించుంది. రెండో ఆవిడ చేతులు కట్టుకుని గోడ చూస్తోంది. వెనక ఇంకో దుప్పటి వచ్చేస్తోంది, పొగలు..."

ఫోను గంట మోగింది. చిట్టి మీట నొక్కింది. పట్టీ బిగిసింది, వదిలింది, మిషన్ కూసింది. ఆవిడ చేతులు గాలిలో దుప్పటి అంచు పట్టుకున్నట్టే ఆడుతున్నాయి. రేడియో కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి. బల్ల మీద తెర కాసేపు వెలిగి, దానంతటదే ఆరిపోయింది.

"అయ్యో," అని ఆవిడ ఆగింది. "ఎంత వచ్చింది?"

రేడియో కిందికి చూశాడు. తెర నల్లగా ఉంది. "చూడలేదు," అన్నాడు.

"లోపల ఉంటుంది నాన్నా, తీస్తానుండు," అని చిట్టి చెయ్యి చాపింది.

అతను ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆ నంబరెక్కడికీ పోదులేవే," అని, కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు. "ఇంతకీ ఆ రెండో ఆవిడ అంచు పట్టుకుందా లేదా, అది చెప్పు."